తకిట తకిట తక

సాయంత్రం ఆరూ నలభైకి పాట మొదలవుతుంది. ఎనిమిది బార్లు చక్కగా సాగుతుంది. తొమ్మిదోది దాటి పదోదానిలో కాలు పెట్టబోతూ బోర్లా పడుతుంది. మళ్లీ మొదటికొస్తుంది.

గిటారు వాళ్లు బార్ అనేదాన్నే మన తాళంలో ఆవర్తనం అంటారు. ఏ పేరుతో పిలిచినా పడేది అక్కడే. దేవిశ్రీకి ఈ సంగతి మూడు నెలలుగా తెలుసు.

ఆమె ఉండేది మాదాపూర్‌లో ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో, 502లో. సరిగ్గా ఆమె నెత్తిన, మేడ మీద, ఒక రేకుల గది ఉంది. దానికి పెంట్‌హౌస్ అని పేరు పెట్టి కిరాయికిచ్చారు. ఏప్రిల్‌లో అందులోకి ఒక గిటారు వచ్చి చేరింది. దానితో పాటు ఒక మనిషి కూడా వచ్చే ఉంటాడు కానీ, ఆమె ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు.

పాట బాగోకపోతే ఇంత బాధ ఉండేది కాదు. బాగోని చప్పుడు పట్టించుకోకుండా బతకడం ఈ ఊళ్లో నాలుగేళ్లు ఉద్యోగం చేసిన ఎవరికైనా వచ్చేస్తుంది. ఈ పాట బాగుంది. అదే వచ్చిన చిక్కు. వచ్చినట్టే వచ్చి ఆగిపోయిన తుమ్ములా రోజూ ప్రాణం ఉసూరుమనిపించేది.

దానికి తోడు ఆమె క్లయింటు ఒకాయన. టెనెసీలో ఉంటాడు, పెద్దవాడు. ఆయన పొద్దున్నే కాఫీ పట్టుకుని కూర్చునే వేళకి ఇక్కడ ఆరున్నర అవుతుంది. ఒకరోజు ఆమె రిపోర్టు మధ్యలో ఆపించి, అది బ్లూగ్రాస్ కదూ, మా కొండల్లో పాట, మీ ఊళ్లో ఎవరు వాయిస్తున్నారమ్మా అని అడిగాడు. మర్నాటి నుంచి రిపోర్టు కన్నా ముందు, ఇవాళైనా దాటాడా అని అడగడం మొదలుపెట్టాడు.

జూలై ఆఖర్లో ఒక సాయంత్రం ఆమె సాఫ్ట్‌వేర్‌లో దొరికిన పదమూడు డిఫెక్టుల గురించి గొంతు ఎండేలా చెప్తుంటే, పైన గిటారు ఆగగానే ఆయన అయ్యో అన్నాడు. ఆ అయ్యో డిఫెక్టుల గురించి కాదని ఆమెకి అర్థమైంది. లాప్‌టాప్ మూసి మెట్లెక్కింది.

తలుపు తీసినవాడు పొడుగ్గా, బక్కగా, చెదిరిన జుట్టుతో ఉన్నాడు. మెడలో గిటారు, వేళ్ల మధ్య గోరంత ప్లాస్టిక్ బిళ్ల.

"చెప్పండి మేడం."

"ఎందుకండీ ఆపుతారు?"

"నేను ఆపుతలేను మేడం. అదే ఆగుతుంది."

"మూడు నెలల్నించా?"

"మూడు నెలల పదకొండు రోజులు. షీట్ ఉంది, చూపియ్యాల్నా?"

ఆమె అడిగింది షీటు కాదు. అయినా అతను వెనక్కి తిరిగి లాప్‌టాప్‌లో ఎక్సెల్ తెరిచాడు. తేదీ, వేగం, ఎన్నిసార్లు వాయించాడు, ఎన్నిసార్లు పడ్డాడు, అన్నీ ఉన్నాయి. పడినవి ఎర్ర రంగులో ఉన్నాయి. షీటంతా ఎర్రగా ఉంది.

"దీన్ని క్రాస్‌పికింగ్ అంటరు మేడం. చేతిల ఒక్కటే పిక్. మూడు తీగలు. ఒకసారి కిందికి, ఒకసారి పైకి, వరస తప్పకుండ కొట్టాలె. మంచిగొస్తే వాన జల్లు పడ్డట్టుంటది."

"మీది కొళాయి కారినట్టుందండీ."

అతను నొచ్చుకోలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "మీకు మ్యూజిక్ వచ్చా?"

దేవిశ్రీ నాన్న రామాంజనేయులు తణుకులో లెక్కల మాస్టారు. బడి అయ్యాక మృదంగం. కూతురికి నాలుగో ఏటి నుంచి భోజనాల బల్ల మీద తాళం వేయించాడు. మృదంగం ఆమె చేతికి రాలేదు కానీ చెవికి వచ్చింది. తప్పు తాళం వింటే ఆమెకి చెప్పులో రాయిలా ఉంటుంది. అలాంటిదాన్ని పట్టుకుని, మ్యూజిక్ వచ్చా అంటాడా.

గిరుక్కున తిరిగి కిందికొచ్చి, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒకే ఒక్క వాక్యం పెట్టింది. "502 పైన గిటారు వాయించేవారు దయచేసి ఇంకో పాట నేర్చుకోగలరు."

అగ్గిపుల్ల గీసి పడేసిన సంగతి ఆమెకి పదినిమిషాల తర్వాత తెలిసింది. ముప్ఫై ఎనిమిది ఫ్లాట్లూ మూడు నెలలుగా పళ్ల బిగువున కూర్చున్నాయట. ఒక్కరు కూడా గోల అనలేదు. మధ్యలో ఆపడమేంటి అనేదే అందరి బాధ.

మర్నాడు సెల్లార్‌లో, పార్కింగ్ పక్కన, అసోసియేషన్ మీటింగు పెట్టారు. ప్రెసిడెంటు రామ్మోహనరావు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యాడు. గిటారు కుర్రాడు తిరుపతిని ఎదురుగా నిలబెట్టి, గ్రామంలో కాలువ తగాదా తీర్చినట్టే తీర్చాడు.

"చూడు తిరుపతీ. పాట మొదలు మేం మూడు నెలలుగా వింటూనే ఉన్నాం. ఆగస్టు పదిహేనున మేడ మీద జెండా ఎగరేశాక కల్చరల్ ప్రోగ్రాం ఉంటుంది కదా. పిల్లల దేశభక్తి గేయాలయ్యాక నీ పాట. చివరిదాకా వాయించావా, నీ ఇష్టమొచ్చినన్నాళ్లు ఉండు. ఆగావా, నెలాఖరుకి గది ఖాళీ చెయ్యి."

ఆయన భార్య భ్రమరాంబ పక్కనుంచి అందుకుంది. "నాకు బీపీ పెరుగుతోంది నాయనా. డాక్టర్ని అడిగితే గిటారుకి మందు లేదన్నాడు."

తిరుపతి నేల చూస్తూ సరే సార్ అన్నాడు. పోతూ పోతూ, స్తంభం పక్కన నిలబడ్డ దేవిశ్రీ దగ్గర ఆగాడు.

"మీరు పాట మార్చమన్నరు. వీళ్లు రూమే మార్చమంటున్నరు మేడం."

కోపం లేకుండా అన్నాడు. అది ఆమెకి ఇంకా చిరాకు తెప్పించింది. తిట్టి ఉంటే తనూ నాలుగు అనేది.

"మీకు ఊళ్లో ఇల్లు లేదాండీ?"

"జీడిమెట్లల ఉంది. రెండు రూములు. మా నాయినకు ఫ్యాక్టరీల నైట్ డ్యూటీ, పొద్దంత పండుకుంటడు. ఆదివారం తప్ప అక్కడ గిటార్ ముట్టేది లేదు. గందుకే ఈ రేకుల రూమ్ పట్టిన. ఇది పోతే ఇగ గిటార్ అమ్ముడే."

ఆ రాత్రి ఆమెకి అన్నం సహించలేదు. పాట నచ్చి, దాని చివర వినాలని ఉండి, ఆ పాటనే ఊరు దాటించే పని చేసింది తను.

మర్నాడు ఆఫీసు నుంచి రాగానే క్లయింటుకి మెయిల్ పెట్టింది, కాల్ ఒక గంట వెనక్కి జరపమని. కారణం రాయాలి కాబట్టి నిజమే రాసింది. నిమిషంలో ఒప్పుకున్నాడు. ఆరూ నలభైకి ఆమె మేడ మీద, వాటర్ ట్యాంకు దిమ్మె మీద కూర్చుంది.

"వాయించండి. మెల్లగా. తొమ్మిదో బార్ నుంచి."

"మీకెందుకు మేడం పరేషాన్?"

"వాయించండి ముందు."

వాయించాడు. ఆమె అరచేతి మీద వేళ్లతో లెక్కపెట్టింది. మళ్లీ వాయించమంది. మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత కళ్లు మూసుకుని మూడోసారి విన్నది.

"ఒక బార్‌లో ఎన్ని దెబ్బలండీ?"

"ఎనిమిది."

"మీరు తొమ్మిది వాయిస్తున్నారు."

"లేదు మేడం. ఎనిమిదే."

"తకిట, తకిట, తకిట. మూడు మూళ్లు తొమ్మిది. లెక్కల మాస్టారి కూతురితో వాదించకండి. అక్కడ ఉండాల్సింది తకిట, తకిట, తక. మూడూ మూడూ రెండు. ఆఖరి దెబ్బ ఎక్కువైంది."

తిరుపతి ఆ చల్లటి గాలిలో చెమట తుడుచుకున్నాడు. లాప్‌టాప్ తెచ్చి పాట రాసుకున్న షీటు తెరిచాడు. ఒక్కో గడిలో ఒక్కో తీగ నంబరు. నాలుగు, మూడు, రెండు. నాలుగు, మూడు, రెండు. నాలుగు, మూడు, రెండు.

"ఇది వీడియోలోంచి చూసి రాసుకున్నారా?"

"మొదటి మూడు రాసిన."

"తర్వాతవి?"

అతను మౌస్ పక్కకి జరిపాడు. "డ్రాగ్ చేసిన."

"ఏం చేశారు?"

"మూడు గడులు టైప్ చేసి, మళ్ల అవ్వే వచ్చేటట్టు కంట్రోల్ నొక్కి మూల పట్టి గుంజిన. మూడుసార్లు అదే ఉన్నట్టు అనిపిచ్చింది. ఆఫీసుల గట్లనే చేస్తం కదా మేడం."

దేవిశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముప్ఫై ఎనిమిది ఫ్లాట్లు, ఒక బీపీ, సముద్రాల అవతల ఒక పెద్దాయన. అందరూ మూడు నెలలుగా ఒక మౌస్ వల్ల నలిగిపోయారు.

"తొమ్మిది బేసి సంఖ్యండీ. కిందికి మొదలుపెడితే కిందికే ముగుస్తుంది. తర్వాతి బార్‌ని పైకి మొదలుపెట్టాల్సి వస్తుంది. చెయ్యి తడబడక ఏం చేస్తుంది?"

"నేను నా వేళ్లను తిట్టిన," అన్నాడు తిరుపతి. "మూడు నెలల పదమూడు రోజులు."

తప్పు తెలియడం ఒక ఎత్తు, చేతికి అంటుకున్నదాన్ని వదిలించడం ఇంకో ఎత్తు. ఆ చెయ్యి ఎనిమిదో దెబ్బ దగ్గర ఆగమంటే ఆగేది కాదు, అలవాటు పడ్డ ఆవులా తొమ్మిదోదానికే పోయేది. ఆమె రోజూ బకెట్టు బోర్లించి దాని మీద తాళం వేసేది. అతను రోజూ తప్పేవాడు. ఆమె రోజూ విసుక్కునేది.

"టకీటా కాదండీ, తకిట."

"నేను గదే అంటున్న."

"మీరు చైనా ఫోను పేరు చెప్పినట్టు చెప్తున్నారు."

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. రేకుల మీద ఆ మోతలో బకెట్టు చప్పుడు ఇద్దరికీ వినపడలేదు. అయితే నా చెయ్యి చూసి వాయించండి అంది దేవిశ్రీ. ఎదురుగా కూర్చుని గాలిలో చెయ్యి ఆడిస్తూ తాళం చూపించింది. అతను ఆ చేతినే చూస్తూ వాయించాడు. కాసేపటికి చేతిని వదిలేసి ముఖం చూశాడు. పాట పడిపోయింది.

"ఎక్కడ చూస్తున్నారు?"

"చెయ్యి సైడే."

"నా చెయ్యి నా ముఖం మీద లేదండీ."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కింద 502లోకి వచ్చి తలుపేసుకున్నాక మాత్రం, తుడుచుకున్న తలనే రెండుసార్లు తుడుచుకుంది.

ఆగస్టు తొమ్మిదిన, శనివారం, మొదటిసారి అతను పదో బార్‌లో కాలు పెట్టాడు. పదకొండులోకి వెళ్లి ఆగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆదివారం అతను జీడిమెట్ల పోయాడు.

సోమవారం మళ్లీ తొమ్మిదో బార్ దగ్గరే పడ్డాడు.

"శనివారం వచ్చింది కదండీ."

"శనివారం వచ్చింది. ఇయ్యాల పోయింది."

మంగళవారం పడ్డాడు. బుధవారం పడ్డాడు. ఆమె బకెట్టు పగిలేలా కొట్టింది. అతను మాత్రం మూతిచివర ఒక చిన్న నవ్వు పెట్టుకుని, ఫికర్ చెయ్యకండి, చాయ్ తాగుతరా అంటూ స్టవ్ వెలిగించాడు. గురువారం కూడా పడ్డాడు.

"రేపు పదిహేను. గది పోతుంది. మీకు భయం లేదా?"

"మీరున్నరు కదా."

నేనేం చేస్తానండీ, నా తల, అని ఆమె దిగొచ్చేసింది. రాత్రంతా ఫ్యాను చూస్తూ పడుకుంది. ఆరూ నలభైకి నెత్తి మీద చప్పుడు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఊహించుకుంది. ఆ ఇల్లు ఆమెకి నచ్చలేదు. ఆ గిటారు మనిషి తనకి కావాలని, గోడ వైపు తిరిగి, తనతో తనే ఒప్పుకుంది.

పదిహేను పొద్దున మేడంతా ప్లాస్టిక్ కుర్చీలు. జెండా ఎగిరింది, పూలు రాలాయి, ఉప్మా, మైసూరు బజ్జీల వాసన పైకి లేచింది. పిల్లలు పాడుతున్నంతసేపూ అందరి కళ్లూ తిరుపతి మీదే ఉన్నాయి.

దేవిశ్రీ పక్క కుర్చీలో ఒకామె వచ్చి కూర్చుంది. ఒళ్లో స్టీలు డబ్బా. ఆమె వెనక, కొత్త చొక్కాలో ఇబ్బందిగా నిలబడ్డ పెద్దమనిషి కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి.

"తాళం చెప్పే పిల్లవు నువ్వేనా బిడ్డా? నేను తిరుపతి తల్లిని, బుచ్చమ్మ. ఈయన మావాని నాయిన, ఎల్లేశం. నీ ముచ్చటే చెప్తడు పొద్దంత."

"బాగా కష్టపడుతున్నారండీ. అయినా ఆ ఒక్కచోట…"

"ఏ చోట? మొన్న ఆదివారం ఇంట్ల మొత్తం వాయించిండు. ఒక్కతాన గూడ ఆగలే."

ఎల్లేశం తలూపాడు. "డ్యూటీ దిగొచ్చి గూడ పండుకోలే నేను. మూడుసార్లు వాయిపిచ్చుకున్న. మంచిగున్నది."

దేవిశ్రీ చేతిలో మైసూరు బజ్జీ అలాగే ఉండిపోయింది. ఆదివారం పాట మొత్తం వాయించాడు. సోమ, మంగళ, బుధ, గురు పడ్డాడు. నాలుగు రోజుల మూతిచివరి నవ్వు ఆమెకి ఇప్పుడు అర్థమైంది. తను బకెట్టు పగలగొట్టింది, నిద్ర పాడుచేసుకుంది, కాల్ మార్చుకుంది. అయ్యగారు చాయ్ కాచుకున్నారు.

బజ్జీ పక్కన పెట్టి రెండు చేతులూ గట్టిగా కట్టుకుంది.

తిరుపతి ముందుకొచ్చి కూర్చున్నాడు. మొదలుపెట్టాడు. ఆ ఎనిమిది బార్లూ అపార్ట్‌మెంటుకి నోటికి వచ్చు. ఎవరి తలలు వారికి తెలియకుండానే ఆడుతున్నాయి. తొమ్మిదోది వచ్చేసరికి కుర్చీలన్నీ ముందుకి వంగాయి. తిరుపతి తలెత్తి ఆమె చెయ్యి కోసం చూశాడు. చెయ్యి లేదు. కట్టుకుని ఉంది. దాని పైన ముఖం ఉంది, ఆ ముఖంలో సోమవారం నుంచి గురువారం దాకా అంతా ఉంది.

పాట బోర్లా పడింది.

మేడంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. భ్రమరాంబ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రామ్మోహనరావు గడియారం చూసుకున్నాడు.

"ఇంకొక్కసారి. అంతే నాయనా."

దేవిశ్రీ అతని మూతి వైపు చూసింది. ఈసారి నవ్వు లేదు. రంగు దిగిపోయింది. పిక్ తీగ మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. ఉత్తుత్తిగా పడీ పడీ, నిజంగా పడటం మళ్లీ నేర్చుకున్నాడు. అబద్ధం ఆడుతూ కూడా ఆమె చెయ్యి చూసే వాయించాడు కాబట్టి, ఇప్పుడు ఆ చెయ్యి లేకపోతే అతనికి దారి తెలియడం లేదు.

మళ్లీ మొదలైంది. ఐదు. ఆరు. తనకి వచ్చిన కోపం న్యాయమైనదే. ఏడు. కానీ ఆ కోపానికి గది బలి కావడం న్యాయం కాదు. ఎనిమిది.

ఏం మనిషండీ బాబూ, అని గొణుక్కుంటూ ఆమె కట్టుకున్న చేతులు విప్పింది. కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టింది, పైకే అంటూ. "తకిట తకిట తక. తకిట తకిట తక."

పిక్ కిందికి, పైకి, కిందికి. తొమ్మిది దాటింది. పది దాటింది. ఎల్లేశం ఆమె వెనక కుర్చీ వీపు మీద వేళ్లతో అందుకున్నాడు. పదకొండు, పన్నెండు, ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. మూడు తీగల మీద నుంచి స్వరాలు నిజంగానే జల్లులా పడుతున్నాయి.

చివర ఎలా ఉంటుందో ఆమె మూడు నెలలుగా రకరకాలుగా ఊహించుకుంది. ఏదో పెద్ద ఆర్భాటం ఉంటుందనుకుంది. ఏమీ లేదు. పాట మెల్లగా మొదటి నాలుగు స్వరాల దగ్గరికే తిరిగొచ్చి, ఇంటికొచ్చిన మనిషి చెప్పులు విప్పినట్టు ఆగింది. ఆమె కళ్లు చెమర్చాయి. దానికీ కోపం వచ్చింది.

భ్రమరాంబ అమ్మయ్య అంది. ఆ తర్వాతే చప్పట్లు.

"ఉండు నాయనా, ఉండు," అన్నాడు రామ్మోహనరావు ముక్కు తుడుచుకుంటూ.

జనం టిఫిన్ల మీద పడ్డాక అతను వాటర్ ట్యాంకు దగ్గరికి వచ్చాడు. ఆమె అక్కడ ఎదురుచూస్తూనే ఉంది.

"సోమ, మంగళ, బుధ, గురు," అంది.

"నాలుగు," అన్నాడు తిరుపతి. "అమ్మ చెప్పిందా?"

"మీ గది పోతుందని నేను నిద్రపోలేదండీ."

"మంచిగ వాయిస్తే ఇగ మీరు పైకి రారని అట్ల చేసిన. తప్పే. ఇందాక నిజంగ పడ్డప్పుడు నాకు దెబ్బకు దిమాక్ తిరిగొచ్చింది."

"రమ్మని అడగొచ్చు కదా."

"ఏమని అడగాలె? తాళం అయిపోయింది, జర ఉట్టిగ రండి అనా?"

"అవును. అలాగే."

అతను గిటారు పట్టీ సర్దుకున్నాడు. ఏ బార్ ముందూ అంత ఊపిరి తీసుకోలేదు. "మీరంటే నాకిష్టం, దేవిశ్రీ గారు. తాళం లేకున్నా, తప్పు లేకున్నా, రోజూ వస్తరా?"

"నాకు కోపంగా ఉంది."

"తెలుసు."

"ఇష్టం కూడా ఉంది. కోపం ముందు తగ్గాలి. మీరు మళ్లీ దానికి షీటు పెట్టకండి."

బుచ్చమ్మ దూరం నుంచి స్టీలు డబ్బా ఎత్తి చూపిస్తూ, సల్లారుతున్నయి, ఇద్దరు రాండ్రి, సల్లగ తినేతందుకు సకినాలు కాదు గారెలు అని కేకేసింది. వెళ్లారు. ఆమె అతనితో మాట్లాడకుండా నాలుగు గారెలు తిన్నది.

సోమవారం కాల్ మళ్లీ ఆరున్నరకి మార్చమని క్లయింటే అడిగాడు. ఆరూ నలభైకి పైన మొదలైంది. ఎనిమిది, తొమ్మిది, పది. అక్కడ టెనెసీలో కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు కూడా రాలేదు. పాట చివరిదాకా వెళ్లి, నెమ్మదిగా ఇల్లు చేరింది.

పెద్దాయన అప్పుడు కప్పు కింద పెట్టి, ఇక డిఫెక్టులు చెప్పమ్మా అన్నాడు.

పది నిమిషాలు ఆగండి అని దేవిశ్రీ లాప్‌టాప్ మూసింది. పాటలో ఎక్కడా ఒక్క తప్పు లేదు. అయినా మెట్లెక్కింది.